పాత డాక్టరుకి కొత్త గొంతు

నటుడు పోయాక ఆయన పాత్రని ఇంకొకరి చేత మాట్లాడించకూడదు అనేవాళ్ళు ఆడియో నాటకాలు వినేవాళ్ళలో గట్టిగానే ఉన్నారు. వాళ్ళ మాట తీసిపారేసేదేమీ కాదు. తెర మీదైతే ముఖం ఉంటుంది, నడక ఉంటుంది, వేసుకున్న కోటు ఉంటుంది. ఒకటి కుదరకపోతే ఇంకొకటి ఆదుకుంటుంది. ఆడియోలో ఉన్నదల్లా గొంతే. ఆ ఒక్కటీ మార్చాక పేరు తప్ప పాత్రలో ఇంకేం మిగిలింది అని అడుగుతారు.

నాది రెండో పక్షం. కొత్త నటుల్ని పెట్టాలి, దాచిపెట్టకుండా పెట్టాలి అంటాను. అయితే నా పక్షంలో ఉన్నవాళ్ళే చెప్పే ఒక కారణం నాకు అస్సలు నచ్చదు. "అచ్చం ఆయన గొంతే, కళ్ళు మూసుకుంటే తేడా తెలీదు" అని మెచ్చుకుంటారు. తేడా తెలియకపోవడమే గొప్పయితే దాన్ని మిమిక్రీ అంటారు. అది గొప్ప విద్యే. నేరెళ్ళ వేణుమాధవ్ పుట్టిన నేల మీద ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. కానీ మిమిక్రీ పండాలంటే ఆ మనిషి మాట్లాడే తీరు మనకి ముందే బాగా తెలిసుండాలి. గుర్తుపట్టిన క్షణంలోనే చప్పట్లు పడతాయి. కొత్త నాటకానికి కావలసింది వేరు: ఆ పాత్ర ఇప్పటిదాకా ఎక్కడా అనని మాట, ఎప్పుడూ పడని ఇరకాటం. దానికి పాత గొంతులో నమూనా ఉండదు. అక్కడ నటుడు ఒంటరిగా నిలబడాలి.

ఇదంతా నేను ఎక్కువగా డాక్టర్ హూని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఇది. డాక్టర్ అనే గ్రహాంతరవాసి, బయటికి పోలీస్ డబ్బాలా కనిపించే కాలయంత్రంలో తిరుగుతుంటాడు. మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతిని 1966లో తప్పుకోవాల్సి వస్తే, ఈ మనిషి చావు దగ్గరికొచ్చినప్పుడు ఒళ్ళు మార్చుకుని కొత్తవాడవుతాడు అనే ఉపాయం పన్ని పాట్రిక్ ట్రౌటన్‌ని తెచ్చారు. ఆయన తర్వాత జాన్ పెర్ట్వీ, ఆ తర్వాత టామ్ బేకర్, అలా సాగింది. 1989లో సీరియల్ ఆగిపోయింది. 1996లో ఒక టీవీ సినిమా తీశారుగానీ సీరియల్ మళ్ళీ మొదలైంది 2005లోనే.

మధ్యలో ఉన్న ఆ ఖాళీలోకి వచ్చింది బిగ్ ఫినిష్ అనే చిన్న బ్రిటిష్ ఆడియో సంస్థ. 1999 జూలైలో టీవీలో డాక్టర్ వేసిన పీటర్ డేవిసన్, కాలిన్ బేకర్, సిల్వెస్టర్ మెకాయ్ ముగ్గురినీ కలిపి మొదటి నాటకం విడుదల చేసింది. 2001లో పాల్ మెక్‌గాన్ వచ్చాడు. ఎన్నో ఏళ్ళు రానన్న టామ్ బేకర్ కూడా 2012లో వచ్చాడు. రాలేనివాళ్ళు ముగ్గురు. హార్ట్‌నెల్ 1975లో, ట్రౌటన్ 1987లో, పెర్ట్వీ 1996లో చనిపోయారు. సమస్యంతా ఈ ముగ్గురి దగ్గరే.

డాక్టర్ ఎలాగూ మారిపోయే మనిషే కదా, ఇంకో నటుడైతే ఏం అని తేలిగ్గా అనేస్తారు కొందరు. ఆ వాదన చెల్లదు. హార్ట్‌నెల్ ట్రౌటన్‌గా మారడం కథలో జరిగింది, కొత్తవాడు కొత్తగానే ఉండాలి అని అందరూ ఒప్పుకున్నాకే జరిగింది. హార్ట్‌నెల్ వేసిన అదే డాక్టర్ని, అదే ముసలాయన్ని, ఇంకొకరు వేయడం అలాంటిది కాదు. 1983లో ఇరవయ్యేళ్ళ పండగకి టీవీలో ఆ పని చేశారు. రిచర్డ్ హర్న్‌డాల్ మొదటి డాక్టర్ వేషం కట్టాడు. ఆ కార్యక్రమం టైటిల్స్ కన్నా ముందు అసలు హార్ట్‌నెల్ పాత ముక్క ఒకటి వేసి, ఆ తర్వాతే హర్న్‌డాల్‌ని చూపించారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. ఇదిగో ఆయన, ఇక ఈయన, తేడా మీకు తెలుసు, మాకూ తెలుసు, కథలోకి వెళ్దాం అన్నట్టుంటుంది.

ఆడియోలో బిగ్ ఫినిష్ వెంటనే కొత్త నటుల జోలికి పోలేదు. 2007లో ఒక చక్కటి దొంగదారి కనిపెట్టింది. డాక్టర్ లేడు, కానీ ఆయనతో తిరిగిన సహచరుల పాత్రలు వేసినవాళ్ళు కొందరు అప్పటికి బతికే ఉన్నారు. వాళ్ళ చేత కథ చెప్పించారు. స్టీవెన్ పాత్ర వేసిన పీటర్ పర్వ్స్, జేమీ పాత్ర వేసిన ఫ్రేజర్ హైన్స్, అందరికన్నా ముందు వచ్చిన విలియం రస్సెల్... వీళ్ళు తమ పాత్రల్లో ఉండే పాత ప్రయాణాలు గుర్తు చేసుకుంటారు. డాక్టర్ మాట వచ్చినచోట ఆయన ధోరణిలో పలుకుతారు. పక్కన ఇంకొక నటుడు మాత్రమే ఉంటాడు. తక్కువ ఖర్చుతో అయిపోతుందన్నది ఒక కారణమే అయినా ఫలితం మాత్రం ఖర్చుతో కొలిచేది కాదు. మన ఇళ్ళలో పోయిన తాతయ్య కథ చెప్పేటప్పుడు ఆయన మాట దగ్గరికి రాగానే చెప్పేవాళ్ళ గొంతు దానంతటదే మారిపోతుంది. పోలిక కుదిరిందా లేదా అని ఎవరూ లెక్కలు కట్టరు. పర్వ్స్ నోట హార్ట్‌నెల్ మాట అలా వస్తుంది. హైన్స్ అయితే ట్రౌటన్‌తో దాదాపు మూడేళ్ళు కలిసి పని చేసినవాడు. ట్రౌటన్ పలికే తీరు మొత్తం ఈయన ఒంట్లో ఉంది. కొన్ని నాటకాల్లో జేమీ, డాక్టర్ ఇద్దరూ ఆయనే. తనతో తనే గొడవపడతాడు, వినేవాడికి ఇద్దరు మనుషులుంటారు.

ఆ సిరీస్‌లో నేను నేర్చుకున్నదొకటుంది. ఆడియోలో ఒక పాత్రని నమ్మించేది ఆ పాత్ర గొంతు ఒక్కటే కాదు. ఎదుటివాళ్ళు దానికి ఎలా జవాబిస్తున్నారు అన్నది సగం. జేమీ ఎదురుగా ఉన్న మనిషిని చనువుగా దెప్పాడంటే, ఆ మనిషి డాక్టరే అయ్యుండాలి అని మన చెవి తీర్మానించేసుకుంటుంది.

2015లో సంస్థ అసలు గట్టు దాటింది. పెర్ట్వీ వేసిన మూడో డాక్టర్‌గా టిమ్ ట్రెలోర్‌ని పెట్టి పూర్తి స్థాయి నాటకాలు మొదలుపెట్టింది. కథకుడి అడ్డం లేదు. ఇతనే డాక్టర్ అంతే. పక్కన సహచరి జో గ్రాంట్‌గా అసలు నటి కేటీ మానింగ్. ఇక్కడ ఒక తమాషా ఉంది, దీన్ని గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరో నాకర్థం కాదు. కేటీ మానింగ్ 1946లో పుట్టింది. టీవీలో జో ఇరవైల్లో ఉన్న అల్లరి పిల్ల. ఆడియోలో ఆ పిల్లగా మాట్లాడుతున్నది డెబ్బయ్యేళ్ళ దరిదాపుల్లో ఉన్న మనిషి. ట్రెలోర్ వేస్తున్నది యాభైల్లో ఉన్న పెర్ట్వీ పాత్ర. ఈ ఇద్దరిలో అసలు గొంతుకి ఎవరు ఎక్కువ దూరంలో ఉన్నట్టు?

ఇది ఆమె ఒక్కదాని సంగతి కాదు. డేవిసన్ ముప్పయ్యేళ్ళ వయసులో డాక్టర్ అయ్యాడు. తిరిగి ఆడియోకి వచ్చేసరికి ఆ గొంతు కింది స్థాయికి దిగింది, ఏటేటా ఇంకా దిగుతోంది. టామ్ బేకర్ ఆడియోలు మొదలుపెట్టింది డెబ్బయ్యేళ్ళు దాటాక. ఆయన గొంతు అంటే నాకు ప్రాణం. కానీ అది 1975 నాటి గొంతు కాదు, కాలేదు. మనం ఏం చేస్తాం? సర్దుకుంటాం. అసలు మనిషే కదా అనే ధీమాతో మిగతాది మన ఊహతో పూరించేస్తాం. అదే సర్దుబాటు ట్రెలోర్‌కి ఇవ్వడానికి మాత్రం మనకి చేతులు రావు. వినడంలో మనం చేసే పని ఒకటే అయినప్పుడు ఒకరికి ఉదారంగా, ఇంకొకరికి పిసినారిగా ఉండటం కళ గురించిన అభిప్రాయం కాదు, పేరు మీద ఉన్న మొహమాటం.

ట్రెలోర్ పని చూడండి. పెర్ట్వీ గొంతులో ఒక గరుకు ఉంటుంది, స కారం దగ్గర కొంచెం మెత్తగా జారుతుంది, కోపమొస్తే పెద్దమనిషి తరహాలో గద్దింపు ఉంటుంది. మొదట్లో ట్రెలోర్ వీటన్నిటినీ చూపించాలని తాపత్రయపడ్డట్టు అనిపించింది నాకు. నాటకాలు పెరిగేకొద్దీ ఆ పట్టు వదిలాడు. గరుకు తగ్గింది, గద్దింపు మిగిలింది. జో ఏదైనా తెలివితక్కువ పని చేసినప్పుడు ముందు విసుక్కుని, సగంలో తమాయించుకుని, చివరికి లాలనగా ముగించే ఒక వరస పెర్ట్వీది. ఆ వరస పట్టుకున్నాక గొంతు ఎంత కలిసింది అన్నది నేను చూసుకోవడం మానేశాను. పెర్ట్వీ కూడా రేడియో మనిషే. 1959 నుంచి ఏళ్ళ తరబడి నడిచిన బీబీసీ నౌకాదళ హాస్య ధారావాహికలో రకరకాల గొంతులు వేసి పేరు తెచ్చుకున్నాడు. చనిపోయే ముందు తన డాక్టర్ని కూడా బీబీసీ రేడియో నాటకాల్లో పలికాడు. వేరే గొంతులో దూరడం తప్పనేవాడిలా నాకైతే కనిపించడు.

హార్ట్‌నెల్ విషయం ఇంత సులువు కాదు, అసలు చిక్కు అక్కడుంది. ఆయన మాటల్లో తడబాటు ఉండేది. వాక్యం మధ్యలో ఆగిపోయేవాడు, ఒక మాటకి బదులు ఇంకోటి అనేవాడు, "హ్మ్" అని సర్దుకునేవాడు. వాటిలో కొన్ని పాత్ర కోసం కావాలని వేసినవే అంటారు. కొన్ని కాదు. ఆ రోజుల్లో వారానికొక భాగం, దాదాపు ప్రత్యక్ష ప్రసారంలా ఏకబిగిన రికార్డు చేసేవాళ్ళు. టేపు కోసి అతికించడం ఖరీదైన వ్యవహారం, తప్పు దొర్లితే దొర్లినట్టే. దానికి తోడు ధమనులు గట్టిపడే జబ్బు వల్ల ఆయనకి డైలాగులు గుర్తుండటం రానురాను కష్టమైంది. 1972లో పదేళ్ళ పండగ కథకి వచ్చేసరికి కూర్చుని, ఎదురుగా రాసిపెట్టిన అట్టలు చూసి చదవాల్సి వచ్చింది.

ఇప్పుడు కొత్త నటుడు మొదటి డాక్టర్ని వేయాలి. తడబాటు పెట్టాలా, మానాలా? పెడితే అది డాక్టర్ తడబాటా, హార్ట్‌నెల్ జబ్బా? అభిమానులకి ఆ తడబాట్లంటే ముద్దు. వాటికి ఆయన పేరు కలిపి ఒక ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. స్టూడియోలో హాయిగా కూర్చుని, స్క్రిప్టు చేతిలో పట్టుకుని, ఒక పెద్దాయన మరుపుని అంత ఖచ్చితంగా అనుకరిస్తుంటే నాకు మాత్రం వినబుద్ధి కాదు. అది పాత్రకి గౌరవం అనుకుంటారు. మనిషికి మాత్రం అగౌరవం.

డేవిడ్ బ్రాడ్లీ ఈ గొడవలోకి పక్కదారిన వచ్చాడు. 2013లో ఈ సీరియల్ పుట్టుక గురించి తీసిన టీవీ సినిమాలో ఆయన వేసింది డాక్టర్ని కాదు, హార్ట్‌నెల్‌ని. ఆ మనిషి చిరాకు, భయం, మతిమరుపు అన్నీ అందులో వేసేశాడు. 2017 క్రిస్మస్ కథలో, ఆ వెంటనే బిగ్ ఫినిష్ ఆడియోల్లో డాక్టర్ని వేసేటప్పుడు ఆ సరుకంతా పక్కన పెట్టాడు. గొంతు హార్ట్‌నెల్‌ది కాదు, దగ్గరగా కూడా లేదు. కానీ తన మాటకి ఎదురు చెప్పేవాణ్ణి చూసి ముందు నివ్వెరపోయి ఆ తర్వాత కోప్పడే ఆ ముసలి అహంకారం ఉంది చూశారూ, అది సరిగ్గా దొరికింది. 2022 నుంచి స్టీఫెన్ నూనన్ అదే డాక్టర్ని వేస్తున్నాడు. ఈయన పోలిక చాలా దగ్గర. ఆ కిచకిచ నవ్వు, ఆ "హ్మ్" వింటే ఒక్కసారి ఉలిక్కిపడతాం. ఎంతో కష్టపడితేగానీ రాని పనితనం. అయినా రెండిట్లో ఒకటి వినమంటే బ్రాడ్లీ వైపే వెళ్తాను. నూనన్ మాట్లాడుతుంటే నా చెవి ఎంత బాగా చేస్తున్నాడో చూసుకుంటూ కూర్చుంటుంది, కథ ఒక అడుగు వెనకబడుతుంది.

ట్రౌటన్ సంగతి ఇంకో రకం. బీబీసీ వాళ్ళు పాత టేపులు చెరిపేయడం వల్ల హార్ట్‌నెల్, ట్రౌటన్ కాలం నాటి 90కి పైగా భాగాల బొమ్మ పోయింది. శబ్దం మాత్రం పోలేదు. ఇళ్ళలో టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టుకున్న కుర్రాళ్ళ పుణ్యమా అని ఒక్క భాగం కూడా పోకుండా అన్నిటి శబ్దమూ బతికుంది. అందువల్ల ట్రౌటన్ డాక్టర్ తర్వాతి తరాలకి చాలా మటుకు ఆడియో నాటకంగానే పరిచయం. మధ్యలో ఏం జరుగుతోందో చెప్పడానికి ఫ్రేజర్ హైన్స్ చేత వ్యాఖ్యానం చదివించి ఆ శబ్దాలు అమ్మారు కూడా. కానీ ట్రౌటన్ నటనంతా ముఖంలో, చేతుల్లో ఉంటుంది. మాట సగం గొణుగుడు. శబ్దం ఒక్కటే వింటే ఎక్కడికక్కడ ఖాళీలు. ఆ ఖాళీలనే అనుకరించి లాభం లేదు. 2022లో ఆయన కొడుకు మైకేల్ ట్రౌటన్ ఆ పాత్ర తీసుకున్నాడు. గొణుగుడు తగ్గించి, కొంటెతనం పైకి తెచ్చాడు. వాక్యాల చివర ఎక్కడో తండ్రి తగులుతాడు, మిగతా అంతా ఆయన సొంతం.

కొడుకు అన్నాను కాబట్టి వారసుల మాట కూడా చెప్పాలి. సారా జేన్ అనే సహచరి పాత్ర వేసిన ఎలిజబెత్ స్లేడెన్ 2011లో పోతే, ఆ పాత్ర ఇప్పుడు కూతురు సేడీ మిల్లర్ చేస్తోంది. ఇంకో సహచరి లిజ్ షాగా వేసిన కెరొలైన్ జాన్ 2012లో పోతే ఆమె కూతురు డైసీ ఆష్‌ఫర్డ్. వారసుల గురించి తెలుగువాడికి ఒకరు చెప్పాలా, మన వైపు ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో చూస్తూనే ఉన్నాం. రక్తంలో గొంతు వస్తుందేమోగానీ నటన రాదు. అయినా సేడీ మిల్లర్ సంగతి వేరు. 2002లో తల్లి ప్రధాన పాత్రగా వచ్చిన ఆడియో సిరీస్‌లోనే ఆమె ఇంకో పాత్ర వేసింది. తల్లి మైకు ముందు ఎలా పనిచేస్తుందో పక్కన నిలబడి చూసింది. నేను లెక్కలోకి తీసుకునేది ఆ అనుభవాన్ని, చుట్టరికాన్ని కాదు. బ్రిగేడియర్‌గా జాన్ కల్షా ఏ బంధుత్వమూ లేకుండానే నికొలస్ కోర్ట్నీ పాత్రని మోస్తున్నాడు. ఈయన వృత్తిరీత్యా మిమిక్రీ కళాకారుడు, నా సిద్ధాంతం ప్రకారం నాకు నచ్చకూడదు. నచ్చాడు. బ్రిగేడియర్ అంటే మాటలు తక్కువ, మర్యాద ఎక్కువ, ఉన్న భయమంతా మీసం కింద దాచే మనిషి. కల్షా ఆ దాచడాన్ని వేస్తాడు.

ఇంత చర్చ తెలుగువాళ్ళకి వింతగా అనిపించవచ్చు. గొంతు మారడం మనకి కొత్తా? కమల్ హాసన్ తెలుగులో మాట్లాడితే అది బాలసుబ్రహ్మణ్యం గొంతు. రజనీకాంత్‌కి ఒక కాలంలో సాయికుమార్, తర్వాత మనో. ఎవరూ హాల్లోంచి లేచి వెళ్ళలేదు. కాకపోతే అక్కడ బొమ్మ మారలేదు, ఆ ముఖమే కొత్త గొంతుని భరించింది. అంతకన్నా నాకు ఎక్కువ పనికొచ్చేది బాలుగారి పాటల సంగతి. 1974లో ఘంటసాల పోయాక ఎన్టీఆర్‌కి, ఏఎన్నార్‌కి ఎవరు పాడాలి అన్న ప్రశ్న వచ్చింది. బాలు ఘంటసాలని అనుకరించలేదు. ఆ హీరో మాట్లాడేటప్పుడు ఎక్కడ నొక్కుతాడో, ఎక్కడ సాగదీస్తాడో పట్టుకుని, ఆ ఒక్క చిటికెడు తన గొంతులో కలిపాడు. పాట బాలుదే, వింటే ఆ హీరోయే కనిపిస్తాడు. ఆడియో నాటకంలో కొత్త నటుడి దగ్గర నేను కోరేది ఇదే మోతాదు.

మారిన నటుడే అసలైపోయిన ఉదాహరణలు ఈ సీరియల్‌లోనే ఉన్నాయి. డాక్టర్ శత్రువులైన డాలెక్‌లని సృష్టించిన డావ్రోస్ పాత్రని 1975లో మైకేల్ విషర్ మొదలుపెట్టాడు, 1979లో డేవిడ్ గుడర్సన్ వేశాడు, 1984లో టెర్రీ మోలోయ్ వచ్చాడు. ఇవాళ ఆడియోలో పాత డావ్రోస్ అంటే మోలోయే, ఆయన మూడోవాడని ఎవరికీ గుర్తు కూడా రాదు. డాక్టర్ బద్ధశత్రువు మాస్టర్ పాత్ర వేసిన రోజర్ డెల్గాడో 1973లో టర్కీలో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాత ఆ పాత్ర ఎందరి చేతులో మారింది. అందులో జెఫ్రీ బీవర్స్ టీవీలో చేసింది 1981లో ఒకే ఒక్క కథ. ఆడియోలో మాత్రం ఆ పట్టులాంటి, విషంలాంటి గొంతుతో ఏళ్ళ తరబడి రాజ్యమేలాడు. ఇక డాలెక్‌లు ఎందరి నోట పలికాయో లెక్కే లేదు, ఎవరికీ పట్టదు. విలన్లకి వర్తించని పవిత్రత హీరోలకి మాత్రం ఎందుకో.

అమెరికాలో ఇంకా మొండిగా చేశారు. 1981లో ఎన్‌పీఆర్ అనే రేడియో సంస్థ స్టార్ వార్స్ మొదటి సినిమాని 13 భాగాల రేడియో నాటకం చేసింది. మార్క్ హామిల్, ఆంథనీ డేనియల్స్ తమ పాత్రలకి వచ్చారు. హాన్ సోలో మాత్రం పెరీ కింగ్, డార్త్ వేడర్ బ్రాక్ పీటర్స్. సినిమాలో సోలో వేసిన హారిసన్ ఫోర్డ్ బతికున్నాడు, పైగా సినిమాల్లో వెలిగిపోతున్నాడు. పెరీ కింగ్ ఆయన్ని అనుకరించే ప్రయత్నమే చేయలేదు. రెండు గంటల సినిమా కన్నా మూడు రెట్లు సమయం ఉంది గనుక సోలోకి సినిమాలో లేని సన్నివేశాలు దొరికాయి. అవి వినేసరికి ఇతనే సోలో.

నా వాదన కుంటే చోటు కూడా చెప్పాలి. 1978లో బీబీసీ రేడియోలో మొదలైన హిచ్‌హైకర్స్ గైడ్‌లో కథ చెప్పే పుస్తకం గొంతు పీటర్ జోన్స్‌ది. ఆయన 2000లో పోయాక, 2004లో విలియం ఫ్రాంక్లిన్ చదివాడు, 2018లో జాన్ లాయిడ్. ఇద్దరూ బాగానే చదివారు. కానీ ఆ పుస్తకం ఒక మనిషి కాదు, దానికి కోపం, ప్రేమ, బలహీనత లేవు. జోన్స్ అమాయకంగా, కొంచెం అయోమయంగా చదివే ఆ లయే ఆ పాత్ర. లయ మారితే పాత్రే మారింది. అంటే లోపల మనిషి ఉన్న పాత్రకే నేను చెప్పేది పనిచేస్తుంది.

అవతలి పక్షం దగ్గర ఒక బలమైన మాటుంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇదంతా పాత జ్ఞాపకాల వ్యాపారం అంటారు. నిజమే. పాత పాత్ర పేరు పెట్టె మీద ఉంటే అమ్ముడుపోతుంది, కొత్త పాత్ర అయితే కష్టం. 2000లో బిగ్ ఫినిష్ ఎవలిన్ స్మైత్ అనే సహచరిని సృష్టించింది. యాభై దాటిన చరిత్ర లెక్చరర్, చాక్లెట్ కేక్ పిచ్చి, డాక్టర్ని నిలదీసే ధైర్యం. మాగీ స్టేబుల్స్ వేసిన ఆ పాత్ర లేకపోతే కాలిన్ బేకర్ డాక్టర్‌కి ఇవాళున్న గౌరవం ఉండేది కాదని నా గట్టి నమ్మకం. అలాంటి పాత్రలు పుట్టాల్సిన చోట ఇంకో పెర్ట్వీ పెట్టె వస్తే నాకూ నిట్టూర్పే. కాబట్టి కొత్త నటుణ్ణి పెట్టేముందు రచయిత తేల్చుకోవాల్సిందొకటుంది: ఈ కథకి ఆ డాక్టరే ఎందుకు? ఇంకే డాక్టర్‌ని పెట్టినా నడిచే కథైతే ట్రెలోర్‌ని పిలవొద్దు. హార్ట్‌నెల్ కాలంలో మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది, చరిత్రలో ఒక్క గీత కూడా మార్చడానికి వీల్లేదని డాక్టర్ పట్టుబట్టే కథలు. అక్కడ ఆ ముసలాయనే కావాలి. అప్పుడు బ్రాడ్లీ అయినా నూనన్ అయినా నేను అడ్డు చెప్పను.

ఈమధ్య ఇంకో దారి కూడా చూపిస్తున్నారు. నటుడెందుకు, గొంతునే యంత్రంతో పుట్టించవచ్చు కదా అని. 2022లో ఓబీ-వాన్ సిరీస్‌లో డార్త్ వేడర్‌కి, సినిమాల్లో ఆ పాత్రకి గొంతిచ్చిన జేమ్స్ అర్ల్ జోన్స్ అనుమతితో, ఉక్రెయిన్‌కి చెందిన రెస్పీచర్ సంస్థ ఆయన పాత గొంతుని ఏఐతో తిరిగి పుట్టించింది. 2024లో ఆయన పోయారు. 2025లో ఫోర్ట్‌నైట్ గేమ్‌లో ఆడేవాళ్ళతో మాట్లాడే ఏఐ వేడర్ని పెట్టారు. కుటుంబం ఒప్పుకుంది. అమెరికా నటుల సంఘం మాత్రం తమతో బేరమాడకుండా నటుల పని తీసేశారని కార్మిక బోర్డుకి ఫిర్యాదు చేసింది. పని పోవడం ఒక పెద్ద సంగతి, దాని మీద సంఘం పోరాడుతుంది. నా అభ్యంతరం అంతకన్నా చిన్నది. యంత్రం మనకి ఇస్తున్నది గొంతు పోలిక. పోలికే పాత్ర కాదని ఇంతసేపూ చెబుతున్నాను. జోన్స్ 1977లో వేడర్‌కి ఎక్కడ ఊపిరి ఆపాలి, ఏ మాటని విసుగ్గా వదలాలి అని తేల్చుకున్నాడు. యంత్రం దగ్గర ఆ గొంతు ఉంది, తేల్చుకోవడం లేదు. రేడియోలో బ్రాక్ పీటర్స్ గొంతు జోన్స్‌ది కాదు, కానీ ఆయన తేల్చుకున్నాడు.

రేపు ఎవరో పెర్ట్వీ గొంతుని కూడా అలా పుట్టించి, ట్రెలోర్ ఇక అక్కర్లేదంటారు. అభిమానుల్లో సగం మంది సంబరపడతారు కూడా, ఎందుకంటే ఇన్నేళ్ళూ మనం మెచ్చుకున్నది పోలికనే. ఆ రోజు రాకుండా చేయడానికి సంస్థలు ఇప్పుడే చేయగల చిన్న పని ఒకటుంది. మూడో డాక్టర్ పెట్టె కవర్ మీద ఇప్పటికీ పెర్ట్వీ ముఖమే ఉంటుంది, ట్రెలోర్ పేరు పక్కన అక్షరాల్లో. అమ్మకానికి ఆ ముఖం కావాలి, ఒప్పుకుంటాను. కానీ లోపల గంటల తరబడి కష్టపడేది ట్రెలోర్. ఆ వెండి జుట్టు పక్కనే ఇతని ఫొటో కూడా, అంతే సైజులో, వేయండి.